విడిచినదానికి బాధ్యులెవరు?

త్యాగమనగా వదలివేయుట యని లోకము తలచును. కాని వదలినది ఎచట పడినదో, ఎవరిపై పడినదో విచారింపకుండుట త్యాగము కాదు, అది ఉపేక్ష. తన యింటి మురుగును వీధిలోనికి త్రోసిన గృహస్థుడు త్యాగి కాడు. తన భారమును పొరుగువాని శిరముపై నుంచినవాడే యగును. ఒక గృహమునకు వర్తించు ఈ న్యాయము మహానగరమునకును వర్తించును. లక్షలాది జనులు నిత్యము విడుచు మాలిన్యమునకు బాధ్యులెవరు? ఈ ప్రశ్నకు కలకత్తా, అనగా నేటి కోల్‌కతా, తూర్పుభాగమున ఒక సమాధానము లభించుచున్నది.

నగరమునకు పడమట హుగ్లీనది ప్రవహించుచున్నను, నేల వాలు తూర్పునకే కలదు. అందుచే మురుగునీరు కాలువల వెంట తూర్పుననున్న చిత్తడినేలలకు చేరును. పూర్వము అచట ఉప్పునీటి సరస్సు లుండెడివి. వానికి సముద్రపు పోటునీటిని తెచ్చుచుండిన విద్యాధరీనది క్రమముగా పూడిపోయెను. అంతట అచటి మత్స్యకారులు నగరపు మురుగునీటినే చెరువులలోనికి మళ్ళించి చేపలను పెంచుట నేర్చిరి. ఈ చెరువులను అచటివారు 'భేరీ'లందురు.

లోతు తక్కువగు ఈ చెరువులలో నీరు నిలిచినపుడు సూక్ష్మజీవులు అందలి మలినమును విడగొట్టును. సూర్యరశ్మిచే నాచు పెరిగి నీటికి ప్రాణవాయువు నొసగును. నాచు చేపలకు ఆహారమగును. గట్ల వెంబడి పెంచిన గుర్రపుడెక్క అలల తాకిడినుండి గట్లను కాపాడును. చెరువులనుండి వెడలిన నీరు వరిచేలకు పారును. ధాపా ప్రాంతమున నగరపు చెత్త పోసిన నేలలో కాయగూరలు పండును. ఇట్లు నగరము హేయమని విడిచినది చేపగా, బియ్యముగా, కూరగా తిరిగి నగరవాసి కంచమునకే చేరుచున్నది. పుచ్చుకొన్నదానిని తిరిగి యిచ్చుటయే లోకస్థితికి ఆధారమను యజ్ఞభావమునకు ఇంతకంటె ప్రత్యక్షదృష్టాంతము అరుదు.

ఈ యేర్పాటును ఏ పండితుడును కల్పింపలేదు. 1980వ దశకమున పశ్చిమబెంగాలు ప్రభుత్వపు ఇంజనీరగు ధ్రువజ్యోతి ఘోష్ (1947–2018) మురుగునీరు తుదకు ఎచటికి పోవుచున్నదని వెదకుచు వెళ్ళి, మత్స్యకారులవద్ద ఈ విద్యను కనుగొని లోకమునకు తెలిపెను. 1992లో కలకత్తా హైకోర్టు ఈ నేలల రక్షణకై తీర్పు నిచ్చెను. 2002లో 12,500 హెక్టార్ల ప్రాంతము అంతర్జాతీయమగు రామ్‌సార్ ఒడంబడిక జాబితాలో చేరెను. 2006లో రాష్ట్రము ప్రత్యేకచట్టము చేసెను.

అయినను ఆక్రమణలు ఆగలేదు. భూమి ధర పెరిగినకొలది చెరువు కొందరి కన్నులకు వ్యర్థముగా పడియున్న స్థలమువలె కనిపించును. చట్టము హద్దురాళ్ళను నాటగలదు గాని కృతజ్ఞతను నాటజాలదు. ఇచట మరియొక ప్రశ్న పుట్టును. నగరము శుభ్రముగా నుండుటకై శ్రామికుడు తరతరములుగా బురదలో దరిద్రుడై నిలువవలెననుట ధర్మమా? కానేకాదు. చెరువును కొనియాడి, చెరువులో దిగినవానిని మరచుట మరియొక విధమగు ఉపేక్షయే. అతనికి తగిన ప్రతిఫలమును గౌరవమును లభింపనిచో ఆ చెరువును నిలుపుమని అతనిని కోరుటకు నగరమునకు అధికారము లేదు.

మాలిన్యమును తొలగించు పని హీనమను భావమే ఈ మరపునకు మూలము. 1899లో ఇదే నగరమున ప్లేగు వ్యాపించినపుడు, స్వామి వివేకానందుని ఆదేశమున సోదరి నివేదితయు స్వామి సదానందుడును బస్తీలను శుభ్రపరచు కార్యమును నడిపిరి. వారి దృష్టిలో అది పూజకంటె తక్కువది కాదు.

ప్రకృతి క్షమాశీలమే. కాని ఆ క్షమకును మేర కలదు. అన్నశేషమును చెరువు జీర్ణించుకొనును; తోళ్ళపరిశ్రమనుండి వచ్చు క్రోమియమును, ప్లాస్టిక్కును జీర్ణించుకొనజాలదు. కావున తిరిగి మట్టిలో కలియనిదానిని విడువకుండుటకు నిగ్రహము వలయును. కలియుదానిని కలిపెడి చేతులను ఆదరించుటకు వినయము వలయును. ధరించునది గనుక ధర్మమనిరి పెద్దలు. ఏ పరిష్కారమైనను చిరకాలము నిలుచుట యంత్రబలముచే మాత్రమే కాదు. విడిచినదియు నాదేయని యొప్పుకొను మనుజుని ధర్మబుద్ధిచేతనే.