గట్టు దాటే నీళ్లు

పక్కవాడికి నేను హాని చేయకుండా ఉంటే చాలా? నా దగ్గర్నుంచి అతనికి హాని వెళ్లకుండా కూడా చూసుకోవాలా? ఈ రెండూ ఒకటే అనుకుంటాం. వరిచేల దగ్గర మాత్రం ఇవి వేరైపోతాయి.

మా ఉంగుటూరు వైపు పాముపొడ తెగులు పేరు వినని రైతు ఉండడు. దుబ్బుల్లో నీటిమట్టం దగ్గర ఆకు తొడుగుల మీద మచ్చలు మొదలై, పైకి పాకి, పాము ఒంటి మీది పొడల్లా కనిపిస్తాయి. కారణం రైజోక్టోనియా సొలాని అనే శిలీంధ్రం. కోతలైపోయినా ఇది చావదు. ఆవగింజల్లాంటి గోధుమరంగు గుళికలుగా గట్టిపడి మట్టిలో నిద్రపోతుంది. మళ్లీ దమ్ము చేసినప్పుడు నీళ్ల మీద తేలి, కొత్త దుబ్బుకి అంటుకుంటుంది.

డెల్టాలో ప్రతి మడికీ విడిగా బోదె ఉండదు. పై మడి గండిలోంచే కింది మడికి నీళ్లు దిగుతాయి. వాటితో పాటే గుళికలూ దిగుతాయి. ట్రాక్టరు దమ్ము చక్రాలకు అంటుకున్న బురదలోనూ ప్రయాణిస్తాయి. గట్టు మీది గడ్డిలో కూడా ఆ శిలీంధ్రం బతుకుతుంది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. నీరు పల్లమెరుగుతుంది, అంతే.

అలాగని పై రైతు గండి మూసేస్తే కింది రైతు చేను ఎండిపోతుంది. బతికించే నీళ్లూ, తెగులు మోసే నీళ్లూ ఒకటే. అందుకే ఇక్కడ 'ఎవరి చేను వాళ్లు కాపాడుకోండి' అనే నీతి పనిచేయదు. హెక్సాకొనజోల్ కొడితే ఈ ఏడాదికి నా పంట గట్టెక్కొచ్చు. మట్టిలో గుళికలు మాత్రం మిగిలే ఉంటాయి. విత్తనం మీద భారం వేద్దామంటే, మార్టేరు పరిశోధనా స్థానం ఇచ్చిన స్వర్ణ రకం ఎన్నో ఇళ్లు నిలబెట్టింది గానీ ఈ తెగులుకు లొంగిపోయింది. దీన్ని పూర్తిగా తట్టుకునే వరి రకం ఇంతవరకూ రాలేదు. మిగిలినవి చిన్న పనులే. దమ్ములో మూలలకు చేరిన తెట్టు, చెత్త తీసి కాల్చేయడం, గట్ల మీద గడ్డి చెక్కడం, యూరియా తగ్గించడం, చక్రాలు కడిగి పక్క మడిలో దింపడం. వీటిలో సగం లాభం చేసినవాడికి కాదు, పల్లంలో ఉన్నవాడికి.

పచ్చికబయలు నీళ్లు తోడాలంటే ఇద్దరు పొరుగువాళ్లు ఒప్పందానికి రాగలరు, వెయ్యిమందైతే ఎవరి భారం వాళ్లు పక్కవాడి మీదికి నెట్టేస్తారు అన్నాడు డేవిడ్ హ్యూమ్. దానికి ఆయన చూపిన దారి ప్రభుత్వం. ఆ దారి మనకూ కొత్త కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ 1919లోనే పంటల తెగుళ్ల చట్టం తెచ్చింది. ప్రభుత్వం ప్రకటించిన నివారణ పనులు భూమి చేతిలో ఉన్నవాడు చేయాలి. చేయకపోతే అధికారులే చేయించి, ఖర్చు అతని దగ్గరే వసూలు చేయొచ్చు.

నాకు అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఇవాళ భూమి ఎవరి చేతిలో ఉంది? మా వైపు ఎక్కువగా కౌలురైతు చేతిలో. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం అతనికిచ్చే ఒప్పందం గడువు 11 నెలలు. మట్టిలో గుళిక అంతకంటే ఎక్కువ కాలం బతకగలదు. వచ్చే ఏడాది ఈ మడి తనకు దక్కుతుందో లేదో తెలియని మనిషిని, పక్కవాడి వచ్చే ఏడాది పంట కోసం ఈ ఏడాది కూలి ఖర్చు పెట్టమనడం ఏం న్యాయం?

తెగులుకి పొలం యజమాని ఊళ్లో ఉన్నాడా, హైదరాబాద్‌లో ఉన్నాడా అన్నది పట్టదు. బాధ్యతకి మాత్రం పట్టాలి. ఆ మట్టి మీద దీర్ఘకాలపు హక్కు నాదైనప్పుడు, దాని దీర్ఘకాలపు జబ్బు కూడా నాదే అవుతుంది. కౌలు బస్తాలు మాత్రం నాకొచ్చి, గట్టు చెక్కే కూలి మాత్రం అతని మీద పడితే, నేను ఎవరికీ హాని చేయలేదని చెప్పుకోవడం తేలిక. నిజం మాత్రం కాదు. ఈసారి కౌలు మాట్లాడుకునేటప్పుడు ఎన్ని బస్తాలన్న దాంతో పాటు, గట్టు ఖర్చులో నా వాటా ఎంత అన్నదీ తేల్చుకోవాలి. కింది మడి రైతుని కూడా ఆ మాటల్లో కూర్చోబెట్టాలి. అతనితో మాకు ఏ ఒప్పందమూ లేదు. మా నీళ్లు మాత్రం రోజూ అతని చేలోకే వెళ్తున్నాయి.