ఫీజు మాఫీతో రుణం తీరుతుందా?

ఏపీపీఎస్సీ నోటిఫికేషన్‌ను ఫీజుల పేరా దాకా ఓపిగ్గా చదివినవాళ్లకు ఒక సంగతి తెలిసే ఉంటుంది. పరీక్ష ఫీజు కట్టనక్కర్లేని వాళ్ల వరుసలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, దివ్యాంగుల పక్కన మాజీ సైనికులు కూడా ఉంటారు. చాలా నోటిఫికేషన్లలో ఆ ఫీజు 80 రూపాయలు. దరఖాస్తు ఖర్చుల కింద తీసుకునే 250 మాత్రం వాళ్లూ కట్టాల్సిందే. నల్లమాడ నుంచి అనంతపురం పోయి రావడానికి బస్సు చార్జీకి కూడా చాలని ఆ 80 రూపాయలను చూసి ఎవరైనా నవ్వొచ్చు. నాకు నవ్వు రాలేదు, ఒక అనుమానం వచ్చింది. ఇది ఎందుకు మాఫీ చేశారు? వరుసలో మిగిలినవాళ్ల విషయంలో కారణం తెలిసిందే. తరతరాలుగా తలుపు మూసి ఉంచాం కాబట్టి, ఇప్పుడు తలుపు దగ్గర సుంకం అడగడం లేదు. సైనికుడికి ఎవరూ తలుపు మూయలేదు. మరి అతనికి ఇచ్చింది సాయమా, కృతజ్ఞతా, ఇంకేదైనా ఉందా?

సాయం అనుకుందాం. మా నల్లమాడ వైపు పల్లెల్లో పదిహేనో ఇరవయ్యో ఏళ్లు సర్వీసు చేసి వచ్చిన మనిషి పేరుకు ముందు ‘మిలిటరీ’ చేరుతుంది. ఊళ్లో చాలామందికి అసలు పేరు గుర్తుండదు. ఆయనకు నెలనెలా పింఛను పడుతుంది, క్యాంటీన్ కార్డు ఉంటుంది. గోడకు ఆనుకుని కాపురముండే రైతుకు ఏముంది? ఏడాదికి 550 మిల్లీమీటర్లు దాటితే మంచి సంవత్సరమని చెప్పుకునే ఈ మెట్ట సీమలో, జూన్‌లో వేరుశనక్కాయ విత్తి, కాయ ఊరే వేళకు వాన మొహం చాటేస్తే, కట్టె పీకి పశువులకు వేసేవాడు ఆయన. అవసరమే కొలత అయితే, మాఫీ మొదట రావాల్సింది ఆయన పిల్లలకు.

సరే, కృతజ్ఞత. ఇక్కడ మాట జాగ్రత్తగా ఆడాలి. తెల్లారకముందే కదిరి రోడ్డు మీద బూట్లు లేకుండా పరుగులు తీసే పిల్లల్ని చూసినవాళ్లెవరూ, వాళ్లను నడిపించేది దేశభక్తి ఒక్కటే అనరు. ఇంటరు అయిపోయింది, పొలం అన్నం పెట్టదు, ఇక ఉన్నది బెంగుళూరు కట్టడం పని, కేరళ కూలి, లేదంటే రిక్రూట్‌మెంట్ ర్యాలీ. కరువు తోలితే సైన్యానికి పోయినవాడిది త్యాగమా, బతుకుదెరువా? బెంగుళూరులో ఆరో అంతస్తు సారువ మీద నుంచి జారిపడ్డవాడిదీ బతుకుదెరువే కదా. అతని పేరు ఏ మినహాయింపు జాబితాలోనూ ఉండదు.

అయినా ఈ రెండూ ఒకటే అనడానికి నా మనసు ఒప్పదు. కూలివాడు మేస్త్రీతో, ‘నావల్ల కాదన్నా, దిగిపోతా’ అనగలడు. రేపటి కూలి పోతుందేమో గాని జైలుకు పంపరు. సైనికుడికి ఆ మాట లేదు. ఎందుకు చేరాడన్నది వేరు, చేరాక ఏం రాసిచ్చాడన్నది వేరు. ప్రాణం అడిగితే కాదనలేని ఒప్పందం అది. బతుకుదెరువు కోసం చేరినంత మాత్రాన ఆ ఒప్పందం బరువు తగ్గదు. అంత బరువు రాసిచ్చినవాడికి మనం 80 రూపాయలతో చెల్లు అంటున్నామా?

ఇది కొత్త అలవాటు కాదు. పాలెగాళ్ల కాలంలో ఈ సీమలో కట్టుబడి బంట్లు ఉండేవారు. కావలికీ కొట్లాటకూ పిలిస్తే రావాలి, బదులుగా వాళ్ల భూమి మీద శిస్తు ఉండదు, ఉన్నా నామమాత్రం. అంటే అదీ మాఫీయే. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి వదిలేశాక, కలెక్టరుగా వచ్చిన మన్రో పాలెగాళ్లను అణిచాడు. 1858 తర్వాత ఇనాం కమిషన్ వచ్చి, ఎవరిది, ఏ పనికిచ్చారు, ఆ పని ఇప్పుడుందా అని పత్రాలడిగింది. పని అక్కర్లేకపోయిన చోట సర్వీసు ఇనాములకు కొంత పన్ను కట్టి తేల్చేశారు. దొర మారగానే తాతల సేవ లెక్కలోని పద్దుగా మారింది. మాఫీ రూపంలో ఇచ్చిన కృతజ్ఞత, ఇచ్చినవాడికి అవసరం తీరేదాకే నిలుస్తుంది.

అందుకే నాకు మూడో కారణం నచ్చుతుంది: పనితనం. టెక్సాస్‌లో 2015లో ఒక చట్టం చేశారు. సైన్యంలో పొందిన అనుభవమో శిక్షణో వృత్తి లైసెన్సు అర్హతలకు సరిపోతే, ఆ మాజీ సైనికుడి దగ్గర దరఖాస్తు ఫీజు, పరీక్ష ఫీజు తీసుకోకూడదు. అక్కడ ముందు చూసింది చేతిలోని విద్యను, తర్వాతే ఫీజును. మన దగ్గరా అలాంటి ఆలోచన లేకపోలేదు. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల మీద 2006లో కేంద్రం చేసిన నమూనా నియమాల్లో, గార్డుకు 100 గంటల పాఠాలు, 60 గంటల మైదాన శిక్షణ ఉండాలన్నారు. మాజీ సైనికుడికైతే 40, 16 గంటలు చాలన్నారు. అతనికి వచ్చింది మళ్లీ నేర్పొద్దని ఒప్పుకున్నారన్నమాట. కాకపోతే ఆ గౌరవం గేటు దగ్గర నిలబడే ఉద్యోగానికి. అదే మనిషి సొంతంగా ఏజెన్సీ పెట్టుకుంటానంటే, 2005 చట్టం ప్రకారం ఒక్క జిల్లాకైతే 5,000, రాష్ట్రమంతటికీ అయితే 25,000 లైసెన్సు ఫీజు. కాపలా కాయించుకోవడానికి గుర్తొచ్చిన అనుభవం, యజమాని కాబోయేసరికి గుర్తురాదు!

మంచు కనుమల్లో పదేళ్లు ఆర్మీ ఎలక్ట్రీషియన్‌గా చేసినవాడు ఊరికొచ్చి లైసెన్సు ఆఫీసు వరండాలో కాగితాలు పట్టుకుని కూర్చుంటే, అతనికి భారమయ్యేది అక్కడ కట్టే ఫీజు కాదు. తనకు వచ్చిన పనిని రాదన్నట్టు చూడటమే భారం. ఆ ఫీజు రద్దు చేసి అవమానాన్ని అలాగే ఉంచితే ఏం లాభం?

అసలు ఈ జాబితాలోకి ఎవరొస్తారన్నది ఇప్పుడు ఇంకా పెద్ద ప్రశ్న. 2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ సమయంలో నియంత్రణ రేఖ దగ్గర చనిపోయిన మురళీ నాయక్‌ది మన జిల్లాయే, గోరంట్ల మండలం కల్లితండా. ఆయన అగ్నివీర్. ప్రభుత్వం కుటుంబానికి 50 లక్షలు, ఐదెకరాలు, ఇంటి జాగా, ఉద్యోగం ప్రకటించింది. ఇవ్వాల్సిందే. కానీ ఆ పిల్లవాడు బతికి, నాలుగేళ్లు నిండాక వెనక్కి వచ్చి ఉంటే? అగ్నివీరుల్లో 25 శాతం మందిని మించి ఉంచుకోరు. మిగిలినవాళ్లకు చేతికొచ్చేది సుమారు 11.71 లక్షల సేవానిధి. పింఛను లేదు, ఇప్పుడున్న నిబంధనల ప్రకారం మాజీ సైనికుడన్న హోదా కూడా లేదు. అంటే, మాజీ సైనికుల వరుసలో నిలబడి ఆ 80 రూపాయల మినహాయింపు అడిగే హక్కు కూడా ఆయనకు ఉండేది కాదు. చనిపోతే వీరుడు, తిరిగొస్తే అభ్యర్థి. ఈ తేడాను ఏ ధర్మంతో సమర్థించుకుంటామో నాకు తెలియడం లేదు.

2022 చివర చేరిన మొదటి విడత అగ్నివీరులకు 2026 చివర, 2027 మొదట్లో గడువు తీరుతుంది. వాళ్లలో మన మండలాల పిల్లలూ ఉంటారు. ఆ లోపే రాష్ట్ర ప్రభుత్వం చేయాల్సిన పని ఒకటుంది. ఎలక్ట్రీషియన్, మెకానిక్, గార్డు – ఏ లైసెన్సు అయినా సరే, సైన్యం ఇచ్చిన స్కిల్ సర్టిఫికెట్‌ను నేరుగా అర్హతగా తీసుకుంటామని, నాలుగేళ్లు చేసినవాడినీ ఇరవయ్యేళ్లు చేసినవాడినీ ఈ విషయంలో వేరుగా చూడమని ఉత్తర్వు ఇవ్వాలి. ఆ పని చేశాక ఫీజు తీసుకున్నా ఫర్వాలేదు, వాళ్లు కట్టుకుంటారు.