పనిచేస్తూనే ఉంది కదా!

మన ఇళ్లల్లో రోజుకొకసారైనా వినిపించే మాట ఒకటుంది. "పనిచేస్తూనే ఉంది కదా, ఇప్పుడే మార్చడం దేనికీ?" కుక్కర్ గాస్కెట్ గురించి అంటాం. గ్యాస్ స్టవ్వు రబ్బరు గొట్టం గురించి అంటాం. కిర్రుకిర్రుమనే ఫ్యాను గురించి కూడా అంటాం. పొదుపరి మాటే, తప్పు పట్టలేం. వస్తువును వృథా చెయ్యడం పాపమని చిన్నప్పట్నించీ నేర్చుకున్నవాళ్లం మనం. కానీ పనిచేస్తున్నదల్లా బాగున్నట్టేనా? పూర్తిగా ఆగిపోయేదాకా వాడుకోవడమే వస్తువుకి మనమిచ్చే మర్యాదా? ఈ ప్రశ్నకి జవాబు వేదాంత గ్రంథాల్లో వెతకనక్కర్లేదు. ఒక జపాను కారులో, వేలెడంత ఉండే స్పార్క్ ప్లగ్గు దగ్గర కాసేపు ఆగితే చాలు.

"కార్ల గొడవ మాకెందుకమ్మా!" అని పేజీ తిప్పేయకండి. ఈ ఇంజను సంగతి మగవాళ్ల కంటే మీకే తొందరగా అర్థమవుతుంది. మామూలు కారు ఇంజను రోకలి లాంటిది. అందులో పిస్టను పైకీ కిందికీ ఆడుతుంది. ఈ రోటరీ ఇంజను రుబ్బురోలు లాంటిది. జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్ అనే ఆయన ఆలోచన ఇది. నడుము దగ్గర నొక్కుకుపోయిన వేరుశనగ కాయ ఆకారంలో ఒక గది, ఆ గదిలో పక్కలు ఉబ్బిన సమోసా లాంటి మూడు మూలల ఇనప దిమ్మ. రోట్లో పొత్రం తిరిగినట్టు అది గది గోడల్ని రాసుకుంటూ తిరుగుతుంది. అలా తిరుగుతూనే పెట్రోలు కలిసిన గాలిని ఒకచోట పీల్చుకుని, ఒకచోట నొక్కి, ఒకచోట మండించి, ఇంకోచోట పొగ వదిలేస్తుంది.

1964లో జర్మనీలో ఎన్.ఎస్.యు. కంపెనీ ఈ ఇంజనుతో మొదటి కారు అమ్మింది. 1967లో హిరోషిమాకి చెందిన మాజ్దా కంపెనీ 'కాస్మో స్పోర్ట్' తెచ్చింది. అంతకు ముందు ఆ దిమ్మ మూలలు గది గోడల మీద గీతలు పెట్టేవి. 'దెయ్యం గోళ్ల గుర్తులు' అని వాటికి పేరు పెట్టుకుని, కెనిచి యమమొటో నాయకత్వంలో 47 మంది ఇంజనీర్లు వాటిని పోగొట్టడానికి ఏళ్ల తరబడి తంటాలు పడ్డారు. తర్వాత 1978 నుంచి 2002 దాకా ఆర్‌ఎక్స్-7, 2003 నుంచి 2012 దాకా ఆర్‌ఎక్స్-8 వచ్చాయి. ఇప్పుడా స్పోర్ట్స్ కార్లు కొత్తవి తయారు కావు. ఉన్నవాటిని మాత్రం వాటి యజమానులు కంటికి రెప్పలా చూసుకుంటున్నారు.

ఇక ప్లగ్గుల దగ్గరికి వద్దాం. ఇంజనులో పెట్రోలుకి నిప్పు అంటించేది ఇవే. ఈ ఇంజనులో మంట మండే చోటు పొడుగ్గా, పల్చగా ఉంటుంది. ఒక్కచోట అంటిస్తే మంట ఆ చివరిదాకా పాకేసరికి ఆలస్యమైపోతుంది. అందుకని ఒక్కొక్క గదికి రెండేసి ప్లగ్గులు పెట్టారు. ఈ కార్లలో గదులు రెండు కాబట్టి మొత్తం నాలుగు. కిందిదాన్ని లీడింగ్ అంటారు, పైదాన్ని ట్రెయిలింగ్ అంటారు. మామూలుగా కిందిది ముందు వెలుగుతుంది, పైది ఒక్క క్షణంలో వెయ్యోవంతు తేడాతో దాన్ని అందుకుంటుంది. ఒకే ఇంట్లో పెద్దకోడలూ చిన్నకోడలూ అనుకోండి. చూడ్డానికి ఒకటే అయినా ఒకరి చోట ఇంకొకరు ఇమడరు. ఆర్‌ఎక్స్-8లో ఈ రెండు ప్లగ్గుల రకాలే వేరు. తారుమారు చేస్తే కుదరదు.

వాటి కష్టం చూడండి. మామూలు ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో గదిలో 3000 సార్లు మంట వెయ్యాలి. రోటరీలో అదే వేగానికి 6000 సార్లు, అంటే సెకనుకి నూరు సార్లు. పైగా మామూలు ఇంజనులో చల్లటి గాలి లోపలికొచ్చినప్పుడల్లా ప్లగ్గుకి కాస్త ఊపిరాడుతుంది. ఇక్కడ గాలి పీల్చే చోటు ఒక పక్క, మంట మండే చోటు రెండో పక్క. ప్లగ్గుల కాపురం ఎప్పుడూ మంట పక్కనే. దిమ్మ మూలలు అరిగిపోకుండా లోపలికి చుక్కచుక్కగా పోసే నూనె కూడా అక్కడే కాలి, ఆ మసి వీటి మీదే చేరుతుంది. అందుకే ఇతర కార్లలో చాలాకాలం నడిచే ప్లగ్గులు ఈ కార్లలో తొందరగా నీరసిస్తాయి.

నీరసించాయని తెలియడమెట్లా? కష్టం అక్కడే ఉంది. ట్రెయిలింగ్ ప్లగ్గు పూర్తిగా చచ్చిపోయినా కారు నడుస్తూనే ఉంటుంది. ఊపు కొంచెం తగ్గుతుంది, పెట్రోలు కొంచెం ఎక్కువ తాగుతుంది. నడిపేవాళ్లు "ఎండ వల్లనేమో" అనుకుని సరిపెట్టుకుంటారు. ఈలోగా, అరిగిన ప్లగ్గు మొనల మధ్య సందు పెరుగుతుంది. ఆ సందు దాటించి నిప్పురవ్వ పుట్టించడానికి కాయిల్ శక్తికి మించి పనిచెయ్యాల్సి వస్తుంది. మండకుండా మిగిలిన పెట్రోలు పొగగొట్టంలోకి పోయి అక్కడ మండుతుంది. పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ ఆ వేడికి లోపల కరిగి మూసుకుపోతుంది. పొగ బయటికి పోక ఇంజను ఇంకా వేడెక్కుతుంది. చూశారా, అరిగింది ప్లగ్గు, జబ్బు పడింది ఇరుగూ పొరుగూ! ప్లగ్గు ధర ఎంత, ఇంజను ధర ఎంత?

"పనిచేస్తూనే ఉంది కదా" అనే పొదుపు బోల్తాపడేది ఇక్కడే. వస్తువు చివరి రోజుల ఖర్చు ఎప్పుడూ దాని ఒక్కదాని మీదే పడదు, పక్కనున్నవాళ్ల మీద పడుతుంది. అది మన లెక్కల పుస్తకంలో ఎక్కదు కాబట్టి ఆదా చేశామని మురిసిపోతాం. అలాగని ప్రతిదాన్నీ ఏటేటా పారెయ్యమని కాదు. అది ఇంకో రకం దుబారా. ఎప్పుడు మార్చాలో తెలియాలంటే అప్పుడప్పుడూ విప్పి చూడాలి. చూడడమే అసలు పొదుపు.

తెలిసినవాళ్లు విప్పే పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది. ఇంజను బాగా చల్లారేదాకా ముట్టుకోరు. వేడి మీద అల్యూమినియం మరలు పాడవుతాయి. చుట్టూ ఉన్న దుమ్ము తుడిచి, ఒకదాని తర్వాత ఒకటిగా విప్పుతారు, తీగలు కలగాపులగం కాకుండా. బయటికొచ్చిన ప్లగ్గు ముఖం చూస్తే లోపలి ఆరోగ్యం తెలుస్తుంది. లేత గోధుమరంగైతే క్షేమం. నల్లటి పొడిమసి అయితే పెట్రోలు ఎక్కువవుతోందని. నూనె జిడ్డు అంటితే ఒక కథ, పెట్రోలుతో తడిస్తే ఇంకో కథ. చలిమీద ఇంజను వేసి, కారుని నాలుగడుగులు జరిపి వెంటనే ఆపేస్తే ఈ ఇంజనులో పెట్రోలు చేరి ప్లగ్గులు తడిసిపోతాయి. ఆ తర్వాత ఎంత తిప్పినా పలకదు. విప్పి, ఆరబెట్టి, లేదా కొత్తవి పెట్టి, మళ్లీ మొదలెట్టాల్సిందే. కొత్తది బిగించేటప్పుడు స్పానరు తర్వాత, వేళ్లు ముందు. మర దానంతటది దారి పట్టిందని చేతికి తెలిశాకే స్పానరు, అదీ కొలత ప్రకారమే. బలం చూపిస్తే మర తెగి, గదే పాడవుతుంది.

ఇంత శ్రమకీ ఫలితం ఏమిటంటే, ఏమీ జరగకపోవడం! కారు నిన్నటిలాగే నడుస్తుంది. ఎవరూ చప్పట్లు కొట్టరు. ఈ మాట మీకు నేను విడమరిచి చెప్పాలా? సమయానికి సరుకులు తెప్పించడం, పాలు పొంగకముందే దించడం, పిల్లాడి జ్వరం ముదరకముందే మందు వెయ్యడం... ఇవన్నీ జరగని ప్రమాదాలే గదా. జరగనివాటికి ఎవరు లెక్క రాస్తారు?

అయితే ఈ పోలికని ఒకచోట ఆపాలి. ప్లగ్గు అరిగితే తీసేసి కొత్తది పెడతాం, అది ధర్మమే. మనిషి అరిగితే అలా కుదరదు. మనిషికి కావలసింది మార్పిడి కాదు, విరామం. ప్లగ్గుకి లేనిదీ మనిషికి ఉండాల్సిందీ అదే. ఇంట్లో ట్రెయిలింగ్ ప్లగ్గులా వెనక నిలబడి పనిచేసేవాళ్లని గమనించండి. ఏళ్లుగా నడుం నొప్పితోనే వంట కానిచ్చే అత్తగారు కావచ్చు, రెండు ఉద్యోగాలు చేస్తున్నంత పని చేసే కోడలు కావచ్చు, నోరెత్తని నాన్నగారు కావచ్చు. ఇల్లు నడుస్తూనే ఉంటుంది కాబట్టి అందరూ బాగున్నట్టే లెక్క. "బాగానే ఉన్నాగా" అని వాళ్లే అంటారు కూడా. ప్లగ్గు కూడా అంతే, చచ్చేదాకా ఫిర్యాదు చెయ్యదు. అలసినవాళ్లే నోరు విప్పి చెప్పాలనుకోవడం న్యాయం కాదు. బండెక్కి సుఖంగా కూచున్నవాళ్లే దిగి, చల్లారాక, నెమ్మదిగా చూడాలి.

చూసేటప్పుడు మిమ్మల్ని మీరు మర్చిపోకండి. ఇంట్లో అందరి ఆరోగ్యం కనుక్కుని, తన సంగతి మాత్రం "ఆఁ, నడుస్తూనే ఉంది కదా" అని తేల్చేసే ఆవిడ ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు.