సేవయు జీవితార్థమును

మనుష్యుడు దేనికొరకు జీవింపవలెనను ప్రశ్న అన్నవస్త్రములకు లోటు లేనివారినే మిక్కిలి బాధించుచుండును. పగలంతయు నాగలి పట్టినవానికి సాయంకాలమునకు అలసటయు నిద్రయు వచ్చునుగాని యీ చింత రాదు. కొంత చదువును, కొంత భూవసతియు, కొంత తీరికయు గల మనబోంట్లకే యిది ప్రాప్తించుచున్నది. దీనికి సమాధానమును గ్రంథములయందు వెదకుట మంచిదే. అయినను క్రైస్తవ ధర్మమునందు దీనికి వేఱొక త్రోవ చూపబడినది. ఆ త్రోవ మనకెంతవఱకు గ్రాహ్యమో యిచట విచారింతము.

పరమతమును గూర్చి విచారించుట మన సమాజమునకు క్రొత్త గాదు. రాజా రామమోహనరాయలవారు 1820వ సంవత్సరమున యేసు నీతిబోధలను సువార్తలనుండి యేర్చి, మహిమలను సిద్ధాంత వివాదములను విడిచి, ప్రత్యేక గ్రంథముగా ప్రకటించిరి. అందులకు శ్రీరామపురపు మిషనరీలే వారితో వాదమునకు దిగిరి. అవతారమును, ఒకరి పాపమునకు వేఱొకరు ప్రాయశ్చిత్తము పడుటను మనము నేటికిని అంగీకరింపము. సిద్ధాంతమును త్రోసివేయవచ్చును, సత్క్రియను త్రోసివేయుట కెవ్వరికిని అధికారము లేదు.

యేసు తన మరణమునకు ముందటి రాత్రి భోజనపంక్తినుండి లేచి, నడుమునకు తువాలు చుట్టుకొని, శిష్యుల పాదములు కడిగెనని యోహాను సువార్త చెప్పుచున్నది. ఆ దేశమున నది దాసుడు చేయు పని. గురువు దానిని చేయుట చూచి శిష్యులలో పెద్దవాడు వలదని వారించెను. ఇచట మనము గమనింపదగిన విషయమొకటి గలదు. జీవితార్థ మేమియని యా రాత్రి యెవ్వరును ప్రశ్నింపలేదు.  ధూళి గల పాదములుండెను, నీరుండెను, వంగుటకు సిద్ధపడిన యొక నడుముండెను.

ఈ ధర్మము మన తెలుగుదేశముననే యొకప్పుడు పరీక్షకు వచ్చినది. అమెరికా బాప్తిస్తు మిషనుకు చెందిన జాన్ క్లౌ దొరగారు 1866వ సంవత్సరమున ఒంగోలు చేరిరి. మొదట అగ్రవర్ణములవారు ఆయనను ఆదరించి, తమ పిల్లలను ఆయన పాఠశాలకు పంపిరి. ఇంతలో ఎఱ్ఱగుంట్ల పేరయ్య యను మాదిగ భక్తుని మూలమున పల్లెలనుండి మాదిగలు రాజొచ్చిరి. వారిని చేర్చుకొన్నచో తాము రామని పెద్దలు స్పష్టముగా చెప్పిరి. దొరగారును, ఆయన భార్యయు ఆలోచించి, వచ్చినవారిని త్రోసివేయ వీలులేదని నిశ్చయించిరి. బ్రాహ్మణ విద్యార్థులు పాఠశాలను విడిచిపోయిరి. గౌరవము నొకవైపునను, మాదిగపల్లె నొకవైపునను నిలిపి యేదో యొకటి కోరుకొనుమన్నప్పుడు ఆయన కోరుకొన్నది మన కెఱుకయే.

పిమ్మట 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమున మహాక్షామము వచ్చెను. దొరగారు యౌవనమున భూములు కొలుచు పని నేర్చినవారు. ఆయన సర్కారువారివద్ద బకింగ్‌హాము కాలువలో కొన్ని మైళ్ల త్రవ్వకమును గుత్తకు దీసికొని, ఆకలిగొన్నవారికి పనియు కూలియు కల్పించిరి. భిక్ష వేయక పని యిచ్చుటచేత వారి మర్యాదయు నిలిచెను. అప్పుడే వేలకొలది జనులు క్రైస్తవులమగుదుమని వచ్చిరి. అన్నమునకై మతము పుచ్చుకొందురేమోయను శంకతో ఆయన పదునైదు మాసములు బాప్తిస్మ మొసగుట మానివేసిరి. కూలి మాత్రము మానలేదు. క్షామ సహాయము ముగిసిన తరువాతనే మరల మొదలిడి, 1878 జూలై 3వ తేదీని గుండ్లకమ్మ యేటిలో 2,222 మందికి బాప్తిస్మ మిప్పించిరి.

ఇందుకు మనలో కొంద ఱాక్షేపింతురు: మతవ్యాప్తియే అంతరంగమున నున్నప్పుడు అది నిష్కామసేవ యెట్లగును? కాలువ గట్టున మేస్త్రీలుగా నున్నవారు ప్రచారకులే కదా? తిన్న కూటి కృతజ్ఞతయే వారిని ఏటికి దింపలేదా? ఈ యాక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. ఆ వేలమంది మనస్సులలో నే భావములు కలసియుండెనో యీశ్వరునికే యెఱుక. అయినను ఫలము చేతికందుచుండగా పదునైదు మాసములు చేయి ముడుచుకొని, అన్నము మాత్రము పెట్టుచుండుట కేవల వర్తకుడు చేయగల పని కాదు. మఱియు నీ యాక్షేపణ చేయు నోటితోనే మన మింకొక ప్రశ్నకు సమాధానము చెప్పవలెను. ఆ మాదిగలు తరతరములుగా మన గ్రామముల వెలుపలనే యుండిరి. మనము వారికి మతమిచ్చితిమా? అన్నమిచ్చితిమా? బావిలో నీరైన నిచ్చితిమా? ఏమియు నీయనివాడు ఇచ్చినవాని యుద్దేశమును శోధించుట న్యాయము గాదు.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. సేవ చేసిన జీవితమునకు అర్థము కలుగునని విని, ఆ యర్థము కొఱకే సేవ చేయబూనువా డొకడు గలడు. వాడు దరిద్రుని తన మనశ్శాంతికి పనిముట్టుగా చేసికొనుచున్నాడు. శాంతి కలుగకున్న రెండవనాడు రాడు. ఆకలిగొన్నవానికి కావలసినది మన శాంతి గాదు, గంజి. కావున సేవకు గుఱి యెదుటివాని యక్కఱయే కావలెను. చెట్టునకు నీరు పోయువాడు నీడను తలపకున్నను నీడ పడును. జీవితార్థమును అట్లే తలపని వేళ ప్రక్కకు వచ్చి నిలుచును. ఈశ్వరుని ప్రేమించుటయు, ఆయనకు ప్రియమైన పనులు చేయుటయు, ఈ రెండును కలసియే ఉపాసన యని మన సమాజము మొదటినుండియు బోధించుచున్నది. మొదటి సగమును మనము కీర్తనలలో పాడుచున్నాము. రెండవ సగము సామాన్యముగా తీర్మానములలో నిలిచిపోవుచున్నది.

మనవారిలో ఆ రెండవ సగమును నెఱవేర్చినవారు లేకపోలేదు. వీరేశలింగము పంతులుగారు 1881వ సంవత్సరమున రాజమహేంద్రవరమున వితంతు వివాహము చేయించి బంధువుల బహిష్కారమును సహించిరి. వారు ముందు జీవితార్థమును నిర్ణయించుకొని పిమ్మట పనికి దిగలేదు. కన్నీరు గార్చు బాలిక యెదుట నుండగా తలుపు తెఱచిరి.

చదువరులారా! మన గుమ్మములయెదుట నెవ్వరు నిలిచియున్నారో చూతము. వచ్చినవాని కులమును, మతమును, కృతజ్ఞతను అడుగకుండ పని చేయుట నేర్చుకొందము. సర్వలోక పితయైన పరమేశ్వరుడు మన ప్రార్థనలను వినుటకు ముందు మన చేతులను చూచునేమో! ఆ చేతులకు కొంచెము మన్నంటియుండునట్లు ఆయనయే యనుగ్రహించుగాక.