కుంటి చక్రము



తొడయెముక విరిగి మంచముపట్టిన మన పెద్దయొకరు నన్ను, "అయ్యగారూ, ఇంక నేనెందుకు పనికొస్తాను?" అని అడిగిరి. కుంటుచు నడిచిన యాకోబును జ్ఞాపకము చేసితిని గాని ఆయన మనస్సు ఊరడిల్లలేదు. అప్పుడు నేను చదివిన యొక బండి సంగతి చెప్పితిని.

అమెరికాలోని నాసావారు పంపిన స్పిరిట్ అను ఆరు చక్రముల బండి 2004 జనవరిలో అంగారక గ్రహముపై దిగెను. దానిమీద మనుష్యుడెవడును లేడు. ఇచ్చటినుండి పంపిన ఆజ్ఞ చేరుటకే నిమిషములు పట్టును. అచ్చటి 90 దినముల పనికని పంపగా, ఆరేండ్లకు పైగా పనిచేసి 2010 మార్చిలో మూగవోయెను. అంతకాలములో నడిచినది ఎనిమిది కిలోమీటర్లైనను లేదు. మనవారు సంతకు పోవునంత దూరము!

2006లో దాని ముందరి కుడిచక్రము తిరుగుట మానెను. అప్పటినుండి బండి వెనుకకు నడుచుచు ఆ చచ్చిన చక్రమును ఈడ్చుకొని పోయెను. నాగలి చాలువలె నేల చీలెను. 2007లో ఆ చాలులో తెల్లని మన్ను బయటపడెను. పరీక్షింపగా నూటికి తొంబది పాళ్లు సిలికా. పూర్వమక్కడ వేడినీరో ఆవిరియో ఉండెనని శాస్త్రజ్ఞులు దానినిబట్టి గ్రహించిరి. చక్రము బాగుగా తిరిగియుండినయెడల ఆ మన్ను కప్పబడియే యుండును.

పెద్దాయన చాలసేపు ఊరకుండి, "ఆ తెల్లమన్ను దానికి కనబడిందా, అయ్యగారూ?" అనిరి.

వెనుకకు నడుచుచుండెను గనుక దాని చాలు దాని కన్నులయెదుటనే యుండెనని చెప్పితిని.