మెట్టు ఎవరిది?



వర్షావాసం ముగిసి ఆకాశం తేటపడ్డాక, ఒక రోజు ఏలూరు నుంచి కామవరపుకోట మీదుగా గుంటుపల్లి కొండకు వెళ్లండి. ఇంటిల్లిపాదీ వెళ్లండి. కొండ మీద రాతిలో తొలిచిన గుండ్రటి చైత్యం ఉంది. దాని పైకప్పుకు కర్ర వాసాల్లాంటి రాతి వాసాలు చెక్కారు. రెండు వేల ఏళ్ల నాటి పని అది. అందరం తలెత్తి చూస్తాం. మరి కాళ్ల కింద మెట్ల సంగతి?

ఇక్కడి బ్రాహ్మీ శాసనాల్లో మెట్లు దానం చేసిన మాట ఉంది. ఆలోచించండి. మెట్టు వెనక వచ్చేవాళ్ల కోసం. ఎవరొస్తారో, ఎక్కడివాళ్లో దాతకు తెలీదు. అయినా ఇచ్చారు. దానమంటే అదే.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ధమ్మదీక్ష తీసుకున్నారు, లక్షల మందికి ఇచ్చారు. ఆయన వేసిన మెట్ల మీదే మనలో కొందరం చదివాం, ఉద్యోగాలు చేస్తున్నాం. "నా కష్టంతో పైకొచ్చాను" అంటే అది సగం నిజం. కష్టం మనదే, మెట్టు మనది కాదు. పైకొచ్చాక పేట వైపు తిరిగి చూడకపోతే పంచశీలాలు వల్లించి ఏం లాభం?

కొండ దిగాక ఒక్క పని చేయండి. మీ పేటలోనో, కొల్లేరు లంకలోనో బడి మానేసిన ఒక పిల్లకి రోజూ గంటసేపు పాఠం చెప్పండి. అదే మీరు వేసే మెట్టు.

నమో బుద్ధాయ!