ఎదురుచూపు మనలను ఏమి చేయుచున్నది?



ఒక వస్తువు కొరకు ఆశతో ఎదురుచూచుట తప్పా? వాన కొరకు ఆకాశమువైపు చూచుచు బ్రదుకు మనము తప్పని చెప్పజాలము. అయినను ఆ ఎదురుచూపు మన హృదయములో ఏమి పుట్టించుచున్నదో విచారింపవలసియున్నది. మన పిల్లలు సెల్‌ఫోనులలో కార్ల పందెముల ఆటలు ఆడుట మనము ఎరుగుదుము గనుక, అట్టి ఆట యొకదానినే దృష్టాంతముగా తీసికొందము.

జపాను దేశములో కజునోరి యమౌచి అను ఆయనయు ఆయన తోడి పనివారును గ్రాన్ టురిస్మో అను వీడియో గేమును 1997లో వెలువరించిరి. నిజమైన కారు ఏలాగు తిరుగునో, ఏలాగు జారునో, తెరమీదను ఆలాగే కనబడవలెనని వారు మిగుల శ్రమపడిరి. నాలుగవ భాగము 2004 డిసెంబరులో ఆ దేశమున వచ్చెను. ఐదవ భాగము కొరకు అనేక దేశముల అభిమానులు దాదాపు ఆరు సంవత్సరములు కనిపెట్టిరి. నడుమ 2007లో రుచి చూపుటకా అన్నట్లు ఒక చిన్న భాగము మాత్రము వచ్చెను. అమెరికాలో 2010 నవంబరు 2వ తేదీన విడుదలయని చెప్పి, గడువు దగ్గరపడినప్పుడు మరల వాయిదా వేసిరి. తుదకు నవంబరు 24న అది వెలువడెను.

ఇంత కాలము అభిమానులు ఏమి చేసిరి? కొందరు దినములు లెక్కించిరి. గడువు తప్పినప్పుడు కోపించిరి. మరికొందరు జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్ అను ఇరువది కిలోమీటర్ల పందెపు బాటను పాత ఆటలోనే మలుపు వెంబడి మలుపుగా నేర్చుకొనిరి. ఆ బాట క్రొత్త ఆటలోను ఉండెను గనుక వారి అభ్యాసము వ్యర్థము కాలేదు.

ఆట చేతికి వచ్చిన తరువాత సణుగుడును వినబడెను. వెయ్యికి పైగా కార్లున్నవి గాని, లోపలి భాగముతో సహా క్రొత్తగా మలచినవి సుమారు రెండువందలే. తక్కినవి పాత ఆటలనుండి తెచ్చినవి. ఆ సణుగుటకు కొంత కారణము లేకపోలేదు. అయితే మరియొక సంగతియు కలదు. ఆరేండ్లలో ఎవరి మనస్సులో వారు ఒక ఆటను కట్టుకొనిరి. మనుష్యులు చేసిన ఏ వస్తువును మన ఊహయంత పెద్దది కాజాలదు.

సీనాయి కొండ క్రింద ఇశ్రాయేలీయులను తలంచుకొనుడి. మోషే దిగివచ్చుట తడవైనప్పుడు వారు బంగారు దూడను చేసికొనిరి. ఆలస్యము వారిని చెరుపలేదు. ఆ ఆలస్యములో వారు చేసికొన్నది వారిని చెరిపెను. పదిమంది కన్యకల సంగతియు అట్టిదే. పెండ్లికుమారుని కొరకు పదిమందియు కనిపెట్టిరి, పదిమందియు కునికిరి. భేదము సిద్దెలలోని నూనెయందే యుండెను. యాకోబు తన పత్రికలో చూపిన సేద్యగాడును వాన కొరకు ఓపికతో కాచుకొనును. అయితే దున్నని పొలముమీద వాన కురిసిన లాభమేమి?

కాబట్టి యౌవనస్థులు ఆట కొరకో సినిమా కొరకో ఉవ్విళ్లూరుట చూచి పెద్దలు వెంటనే గద్దింపకుందురు గాక. విడుదల దినము ఏదని అడిగిన, వారు తడవుకొనక చెప్పుదురు. ప్రభువు వచ్చునని ఆదివారమెల్ల పలుకు మన ఇండ్లలో ఆ నిరీక్షణ వలన ఏమి మారినది? ఇవ్వవలసిన అప్పు తీరినదా? గట్టు తగవున మాటలాడని అన్నదమ్ములు మాటలాడిరా? కుమారునికి ఉద్యోగము వచ్చిన తరువాత దశమ భాగము ఇత్తుమని, కుమార్తె పెండ్లియైన తరువాత ప్రార్థనకు కూడుదుమని వాయిదా వేయుచున్నామా? అట్లయిన ఆట ఆలస్యము చేసినవారిని నిందించుటకు మనకు నోరెక్కడిది?

యౌవనులారా, మీతోను ఒక మాట. ఆటల ఎదురుచూపునకు తుది లేదు. గ్రాన్ టురిస్మో ఏడవ భాగము 2022లో వచ్చినది. ఆడుకొనుట పాపమని మనము చెప్పుట లేదు. అయితే వచ్చు దానికొరకు చూచుచు నేటి చదువును, నేటి పనిని, ఇంట మంచముపట్టిన అవ్వను మరచినయెడల ఆ ఎదురుచూపు మిమ్మును దోచుకొనుచున్నదని తెలిసికొనుడి. బాటను ముందుగా నేర్చుకొనినవారివలె, రాబోవు దాని కొరకు నేడే సాధన చేయుడి. దేవుని రాజ్యములో నిలుచునది ప్రేమయే గనుక దానినే అభ్యసింతము.

ప్రభువు మనకట్టి నిరీక్షణ దయచేయును గాక. ఆమేన్.